ఆరోగ్యశ్రీ నుంచి ఈఎస్ఐ దాకా: ఆదాయ పరిమితిపై అపోహలు, వాస్తవాలు

ఆరోగ్యశ్రీ కింద వైద్యం అందించే నెట్‌వర్క్ ఆసుపత్రిలో, రోగులకు పథకం విషయంలో సాయపడే ఆరోగ్యమిత్రగా కూర్చునే నాకు రోగుల బంధువుల నోట ప్రతిరోజూ వినిపించే మాట ఒకటుంది: "మాకు రాదులెండి, మా ఆదాయం ఎక్కువ." ఎంత ఎక్కువని అడిగితే చాలామంది ఒక అంకె చెప్పలేరు, ఊళ్లో ఎవరో అన్నారనో, రేషన్ కార్డు రద్దయిందనో, అబ్బాయి కారు కొన్నాడనో చెబుతారు. వారిలో కొందరు నిజంగానే అర్హులు కారు, కాని ఎక్కువమంది తమంతట తామే తమను జాబితాలోంచి తీసేసుకున్నవారు. నేను వివరించేలోపే కొందరు బంగారం కుదువపెట్టి అడ్వాన్సు కట్టేసి ఉంటారు కాబట్టి, నా డెస్కు దగ్గర పదేపదే సరిదిద్దవలసి వస్తున్న అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్రభుత్వ ఆరోగ్య పథకాలన్నింటికీ ఒకటే ఆదాయ పరిమితి ఉంటుంది.

వాస్తవం: ఒక్కో పథకం "ఆదాయం" అన్న మాటను ఒక్కో రకంగా కొలుస్తుంది. రాష్ట్ర పథకాలు కుటుంబం మొత్తం సంవత్సరాదాయాన్ని చూస్తాయి, దానితోపాటు భూమినీ ఇంటినీ వాహనాన్నీ కొలమానాలుగా వాడతాయి. ఉద్యోగుల చందాతో నడిచే బీమా అయిన ఈఎస్ఐ చూసేది ఒక ఉద్యోగి నెల వేతనాన్ని మాత్రమే. అదే సంస్థలో పనిచేసే భార్య జీతాన్ని అతని జీతానికి కలపరు. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ అసలు రూపాయల్లో ఆదాయాన్ని అడగనే అడగదు. ఒక పథకం కొలబద్దను తెచ్చి ఇంకో పథకానికి పెట్టడం వల్లే మిగతా అపోహల్లో సగం పుట్టుకొస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: బియ్యం కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ వర్తించదు.

వాస్తవం: ఈ అపోహకు ఒక చరిత్ర ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తెల్ల రేషన్ కార్డే అర్హతకు గుర్తు, అందువల్ల "తెల్లకార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం" అన్న మాట జనంలో స్థిరపడిపోయింది. అప్పట్లో అది నిజం కూడా. కాని ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో వచ్చిన మార్గదర్శకాలు రేషన్ కార్డునూ ఆరోగ్యశ్రీనీ విడదీశాయి. తెల్ల రేషన్ కార్డు స్థానంలో వచ్చిన బియ్యం కార్డు ఉన్న కుటుంబం ఎలాగూ అర్హమే. అది లేకపోయినా సంవత్సరాదాయం 5 లక్షల రూపాయల లోపు ఉన్న కుటుంబాన్ని కూడా పథకంలోకి తీసుకున్నారు. పథకం పేరు 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది, అయినా రోగులు ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అడుగుతారు కనుక నేనూ ఆ మాటే వాడుతున్నాను.

ఈ రెండు పరిమితుల మధ్య ఉన్న దూరం ఎంతో చూడండి. బియ్యం కార్డుకు కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదు. అంటే పట్టణంలో ఏడాదికి 1,44,000 రూపాయలు దాటితే బియ్యం కార్డు రాదు, కాని ఆరోగ్యశ్రీకి 5 లక్షల దాకా అవకాశం ఉంది. ప్రైవేటు బడి ఉపాధ్యాయులు, దుకాణాల్లో లెక్కలు రాసేవారు, ఒప్పంద ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, డ్రైవర్లు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఈ మధ్య జాగాలోనే. కార్డు రద్దయిన రోజునే తమ వైద్య హక్కు కూడా పోయిందని వీరు అనుకుంటారు, ఆ తర్వాత ఎవరినీ అడగరు. నా డెస్కు దగ్గర నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

తెలంగాణలో పరిస్థితి వేరు. అక్కడ ఆరోగ్యశ్రీకి ఆహార భద్రతా కార్డే ప్రధాన ఆధారంగా ఉంటూ వచ్చింది, ఆ కార్డుకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో ఉంటున్న బంధువు చెప్పిన నిబంధనను విజయవాడలో ఉన్నవారూ, విజయవాడలో విన్నదాన్ని ఖమ్మంలో ఉన్నవారూ తమకు అన్వయించుకోవడం సరికాదు. రెండు రాష్ట్రాలు విడిపోయాక ఈ పథకాలకు మిగిలిన పోలిక చాలావరకు పేరుకే పరిమితం.

అపోహ: భూమి ఉన్నా, కారు ఉన్నా, సొంత ఇల్లు ఉన్నా అర్హత పోతుంది.

వాస్తవం: వ్యవసాయ కుటుంబానికి జీతం చీటీ ఉండదు, చిరువ్యాపారికి నెలసరి లెక్క ఉండదు. అందుకే ప్రభుత్వం ఆదాయాన్ని నేరుగా కాక ఆస్తి గుర్తుల ద్వారా అంచనా వేస్తుంది. ఆ గుర్తులకూ హద్దులు ఉన్నాయి, అవి చాలామంది ఊహించుకున్న దానికంటే విశాలమైనవి. ఆంధ్రప్రదేశ్ మార్గదర్శకాల ప్రకారం మాగాణి 12 ఎకరాల లోపు, లేదా మెట్ట 35 ఎకరాల లోపు, రెండూ కలిసి 35 ఎకరాల లోపు ఉన్న కుటుంబం ఆరోగ్యశ్రీకి అర్హమే. సొంత వాడకానికి ఒక కారు ఉండవచ్చు. పట్టణాల్లో ఆస్తిపన్ను కట్టే ఇల్లు 3,000 చదరపు అడుగుల లోపు ఉంటే అడ్డంకి లేదు. బియ్యం కార్డుకు మాత్రం ఇవే గుర్తులు కఠినంగా ఉంటాయి: మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, పట్టణంలో ఇల్లు 1,000 చదరపు అడుగులు, నెలకు కరెంటు వాడకం 300 యూనిట్లు. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు తరి (మాగాణి) 3.5 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) 7.5 ఎకరాలు హద్దు.

ఒక కుటుంబం సంగతి నాకు మరపునకు రాదు. తండ్రికి గుండెపోటు వచ్చింది, కొడుకు సొంత కారు టాక్సీగా తిప్పుతాడు. బియ్యం కార్డు దరఖాస్తు సమయంలో కారు కారణంగా ఎవరో అభ్యంతరం చెప్పారట, ఆ మాట మనసులో పెట్టుకుని అతను ఆసుపత్రిలో అడుగుపెట్టగానే నగదు రోగిగా పేరు రాయించాడు. బతుకుతెరువు కోసం నడిపే టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకు బియ్యం కార్డు నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. మూడో రోజున వాళ్ల అమ్మ మా డెస్కు ముందు ఆగి, "బాబూ, మాలాంటోళ్లకు ఏమన్నా ఉంటదా?" అని అడిగేదాకా ఈ సంగతి వారికి చెప్పినవారు లేరు. అప్పటికి కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

అపోహ: ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే అనర్హులవుతారు.

వాస్తవం: రిటర్ను దాఖలు చేయడం వేరు, పన్ను కట్టడం వేరు. బ్యాంకు రుణం కోసమో, టీడీఎస్‌గా ముందే కోత పడిన పన్ను తిరిగి రావడం కోసమో రిటర్ను వేసేవారు ఎందరో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో రిటర్నులో చూపిన ఆదాయం 5 లక్షల లోపు ఉంటే అది అడ్డు కాదు. అయితే రుణం ఎక్కువ రావాలని లేని ఆదాయాన్ని రిటర్నులో చూపించినవారికి తర్వాత ఇబ్బంది తప్పదు, ఎందుకంటే ప్రభుత్వ వ్యవస్థ నమ్మేది కాగితం మీద ఉన్న అంకెనే. దీనికి విరుద్ధంగా, ఆదాయాన్ని దాచి కార్డు ఇప్పిస్తామని చెప్పే దళారులను దయచేసి దగ్గరికి రానివ్వకండి; ఆధార్‌తో భూమి, వాహనం, పన్ను వివరాలు ముడిపడిన ఈ రోజుల్లో ఆ కార్డు ఎప్పుడైనా ఆగిపోవచ్చు, అది ఆగేది సరిగ్గా అవసరం పడిన రోజునే కావచ్చు.

అపోహ: జీతం 21,000 రూపాయలు దాటిన నెల నుంచే ఈఎస్ఐ ఆగిపోతుంది.

వాస్తవం: 2017 జనవరి 1 నుంచి ఈఎస్ఐ వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు, దివ్యాంగ ఉద్యోగులకు 25,000 రూపాయలు. ఈ పరిమితిని ఏ రోజున చూస్తారన్నదే ఇక్కడ అసలు విషయం. ఏడాదిని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలుగా విభజించారు. కాలం మొదట్లో పరిమితి లోపల ఉన్న ఉద్యోగి, మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా సభ్యుడిగానే ఉంటాడు. ఉదాహరణకు మే నెలలో ఒకరి జీతం 20,500 నుంచి 22,500 రూపాయలకు పెరిగిందనుకుందాం. సెప్టెంబరు 30 వరకు అతనికి ఈఎస్ఐ కొనసాగుతుంది, చందాను మాత్రం పెరిగిన జీతం మొత్తం మీద కోస్తారు: ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతం పెరిగిన నెలలోనే కోత ఆపేసే సంస్థలు ఉన్నాయి. అది ఉద్యోగికి మేలు చేసినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అతని కుటుంబం వైద్య రక్షణను గడువుకు ముందే తీసేయడమే అవుతుంది.

సభ్యత్వం ముగిసిన రోజుతో అంతా అయిపోదు కూడా. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ఫలితం వచ్చే కాలం మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ వరకు. ఆ చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉంటే, ఉద్యోగం మారినా పరిమితి దాటినా ఆ గడువు వరకు వైద్యం అడగవచ్చు. ఓవర్‌టైం డబ్బును చందా లెక్కలో కలుపుతారు గాని, 21,000 పరిమితి దాటిందా లేదా అని చూసేటప్పుడు కలపరు. ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం వర్తిస్తుంది, అయితే వారి సొంత ఆదాయం అన్ని మార్గాల్లో కలిపి నెలకు 9,000 రూపాయలు దాటకూడదు.

ఈఎస్ఐ ఉన్నవారిని ఆరోగ్యశ్రీ తీసుకోదు, ఒక ప్రభుత్వ పథకంలో ఉన్నవారికి ఇంకొకటి ఇవ్వకూడదన్నది అక్కడి సూత్రం. కాని ఈఎస్ఐ పూర్తిగా ముగిసిన మనిషి సంగతి? నెలకు 22,500 అంటే ఏడాదికి 2,70,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంట్లో వేరే సంపాదన పెద్దగా లేకపోతే అతని కుటుంబం 5 లక్షల లోపలే ఉంది కనుక ఆరోగ్యశ్రీకి దరఖాస్తు చేసుకోవాలి. తెలంగాణ పట్టణంలో అదే జీతం 2 లక్షల పరిమితిని దాటిపోతుంది. అంటే ఈఎస్ఐ పోయి, ఆహార భద్రతా కార్డూ రాని ఒక ఖాళీ అక్కడ ఏర్పడుతోంది. అలాంటివారు జీతం పెరిగిన ఆనందంలో ఉన్నప్పుడే ఒక ప్రైవేటు ఆరోగ్య బీమా తీసుకోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: పేదవాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ వస్తుంది, పింఛనున్న పెద్దవాళ్లకు రాదు.

వాస్తవం: రెండు భాగాలూ తప్పే. 2018 సెప్టెంబరులో మొదలైన ఈ పథకం లబ్ధిదారులను 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారంగా ఎంచింది. గ్రామాల్లో ఒకే గది కచ్చా ఇల్లు, 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పెద్దవారు లేకపోవడం, భూమి లేక కూలితోనే బతకడం వంటి లేమి గుర్తులు, పట్టణాల్లో ఇళ్లలో పనిచేసేవారు, వీధి వ్యాపారులు, నిర్మాణ కార్మికులు వంటి వృత్తులు అందుకు ప్రమాణాలు. కాబట్టి ఈరోజు ఆదాయం తక్కువన్న ఒక్క కారణంతో ఆ జాబితాలో పేరు ఉంటుందని చెప్పలేం.

70 ఏళ్లు నిండినవారి విషయంలో లెక్క పూర్తిగా మారింది. 2024 అక్టోబరు 29 నుంచి వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతుంది, వయసును ఆధార్ ప్రకారమే చూస్తారు. కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ ఉంటే పెద్దవారికి అదనంగా మరో 5 లక్షలు విడిగా కేటాయిస్తారు. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నా అడ్డు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ వంటి వైద్య పథకాలు ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. సొంత ఇల్లు, పింఛను, కొడుకు అమెరికా ఉద్యోగం, ఏవీ ఇక్కడ అడగరు. అయినా కార్డు తీసుకోకుండా ఉన్న పెద్దలు నాకు వారానికి ఒకరైనా కనిపిస్తున్నారు.

అపోహ: తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం చేతిలో ఉంటే ఆసుపత్రిలో అర్హత ఇచ్చేస్తారు.

వాస్తవం: మా డెస్కుకు అర్హత ఇచ్చే అధికారం లేదు. మేము చూసేది తెర మీద మీ కుటుంబం పేరు నమోదై ఉందా, ఆధార్‌తో సరిపోతోందా అన్నది మాత్రమే. ఆదాయ పత్రం పనికొచ్చేది అంతకుముందే, నమోదు దరఖాస్తు దశలో. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో మీ కుటుంబ వివరాలు ఎలా ఉన్నాయో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం, ఆధార్‌లో ఇంటిపేరు తేడాగా ఉండటం, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) ఆగిపోవడం వంటివి ఆదాయంతో సంబంధం లేకుండానే చికిత్సను రెండు మూడు రోజులు వెనక్కి నెట్టగలవు.

అపోహ: ముందు డబ్బు కట్టి, తర్వాత కార్డు చూపిస్తే తిరిగి ఇస్తారు.

వాస్తవం: ఆరోగ్యశ్రీ నగదు రహిత పథకం, దాన్ని నడిపే ట్రస్టు ముందస్తు అనుమతితో ఆసుపత్రికే చెల్లిస్తుంది. మీరు కట్టిన బిల్లును తర్వాత తెచ్చి చూపిస్తే చెల్లించే ఏర్పాటు అందులో లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి అన్నది వేరే దారి. ప్రాణాపాయ పరిస్థితుల్లో ఫోను ద్వారా అనుమతి తీసుకుని వెంటనే చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పంపే వెసులుబాటు ఉంది. కాబట్టి రోగిని అత్యవసర విభాగంలోకి తీసుకెళ్తున్న ఆ క్షణంలోనే వెంట వచ్చిన ఒకరు ఆధార్ పట్టుకుని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికి రావాలి. అర్హత ఉందో లేదో మీరు తేల్చుకోనక్కర లేదు, తెర మీద చూసి చెప్పడానికి మాకు అయిదు నిమిషాలు పడుతుంది.