దాచిపెట్టిన లెన్సుకే ఫంగస్ ఎక్కువ: కెమెరా, తేమ - అపోహలు, వాస్తవాలు

"కొన్నాక నాలుగు పెళ్లిళ్లకి కూడా సరిగ్గా తియ్యలేదండీ. బ్యాగులో పెట్టి బీరువాలో భద్రంగా దాచాం. ఫంగస్ ఎలా వచ్చిందండీ?" అమలాపురం, రాజోలు, నరసాపురం, యానాం వైపు నుంచి లెన్స్ సర్వీసుకి వచ్చిన ప్రతిసారీ దాంతోపాటు ఈ ప్రశ్న కూడా వస్తుంది. అడిగేవాళ్ల బాధ అర్థమవుతుంది. వాయిదాల మీద కొన్న 70-200 జూమ్ లెన్స్ అది. భద్రంగా దాచుకోమని అందరూ చెప్పారు. ఎలా దాచాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అపోహ: బ్యాగులో వేసి మూసిపెడితే లెన్స్ క్షేమం

గోదావరి డెల్టాలో లెన్సులు పాడవడానికి అసలు కారణం ఇదే. మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చెయ్యవు.

ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. జూమ్ తిప్పినప్పుడల్లా లెన్స్ లోపలికి గాలి వెళ్తుంది, దాంతో అవీ వెళ్తాయి. వాటిని ఆపడం మన వల్ల కాదు. అవి మొలకెత్తకుండా ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. గాలిలో తేమ 60-65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉండి, చీకటి, కదలని గాలి తోడైతే మొలకెత్తుతాయి. తిండికి సన్నటి దుమ్ము, కాస్త జిడ్డు చాలు. ఒక పక్క సముద్రం, ఊరి చుట్టూ కాలువలు, నీళ్లు నిలిచిన వరిచేలు, కొబ్బరితోటలు ఉన్న చోట ఆ శాతం దాటడానికి వానాకాలమే రానక్కర్లేదు. మే నెల ఉక్కపోతలో కూడా దాటుతుంది.

బ్యాగు సంగతి చూడండి. లోపలి స్పాంజి, గుడ్డ, పట్టీ అన్నీ తేమ పీల్చి పట్టుకుంటాయి. వానలో తడిసిన బ్యాగు పైకి ఆరినట్టే ఉంటుంది, స్పాంజి లోపల మాత్రం తడి రోజుల తరబడి ఉంటుంది. దాన్ని బీరువాలో పెడితే చీకటి, తేమ, నిలిచిన గాలి మూడూ మనమే సమకూర్చినట్టు. రోజూ వాడే లెన్సుకి వెలుతురు, గాలి తగులుతాయి కాబట్టి దాని మీద ఫంగస్ అంత తొందరగా పట్టదు. బ్యాగు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. పాత తోలు కేసులైతే ఇంకా ప్రమాదం, తోలే ఫంగస్‌కి ఆహారం.

దాచాల్సింది గాలి చొరని డబ్బాలో. మూతకి చుట్టూ రబ్బరు అంచు ఉండి క్లిప్పులతో బిగిసే 15-20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒక కెమెరా బాడీకి, మూడు లెన్సులకి సరిపోతుంది. అందులో 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) గుడ్డసంచిలో కట్టి పెట్టండి, పొడి రాలకుండా ఉంటుంది. పక్కనే గాలిలో తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంచండి. అది 40-50 మధ్య చూపించాలి. 55 దాటితే జెల్ మార్చే సమయమైందని అర్థం. 30 కంటే కిందికి దింపడం వల్ల లాభమేమీ లేదు. డబ్బాలో ఉన్న గాలిలో తేమ నిజానికి చాలా తక్కువ, అర గ్రాము కూడా ఉండదు. జెల్‌ని తినేసేది లెన్సుతోపాటు మనం పెట్టే పట్టీలు, గుడ్డలు, అట్టపెట్టెలు. అందుకే లెన్స్ పౌచ్‌తో సహా పెట్టకండి, తీసి పెట్టండి.

చవక హైగ్రోమీటర్లు ఐదారు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. సరిచూసుకోవడం తేలికే. సీసా మూతలో అర చెంచా ఉప్పు వేసి నాలుగు చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు, ముద్దలా ఉండాలి. దాన్ని, మీటర్‌ని గాలి చొరని కవర్లో పెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటర్ 70 చూపిస్తే ఇక నుంచి దాని లెక్కకి 5 కలుపుకోండి. ఉప్పు మీటర్‌కి తగలనివ్వద్దు.

తేమ పీల్చిన జెల్‌ని పారెయ్యక్కర్లేదు. అవెన్ ఉంటే పల్చగా పరిచి 110-120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచాలి. లేకపోతే వంటకి వాడని పాత పెనం మీద సన్న సెగన కలుపుతూ వేడి చెయ్యండి. సెగ ఎక్కువైతే గుళికలు పగులుతాయి, రంగు మాడుతుంది. వేడి తగ్గేదాకా మూత ఉన్న గాజు సీసాలో ఉంచి, చల్లారాకే డబ్బాలో వెయ్యాలి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది విషపదార్థం, వంటగది దరిదాపుల్లోకి తీసుకెళ్లకండి. నారింజ రంగు రకం తీసుకోవడం మేలు. చెప్పుల పెట్టెలో వచ్చిన చిన్న పొట్లాలు మీ చేతికొచ్చేసరికే తేమతో నిండిపోయి ఉంటాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

పెళ్లిళ్లు తీసే స్టూడియోలకి, అంటే ఆరేడు లెన్సులు ఉన్నవాళ్లకి, లోపలి తేమని తగ్గించి ఉంచే, కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్టే సరి. 45 శాతం దగ్గర పెట్టి వదిలెయ్యండి. పాత స్టూడియోల్లో చెక్క బీరువాలో 15 వాట్ల బల్బు వెలిగించి ఉంచేవారు. అది పనిచేసేది, ఎందుకంటే బల్బు వేడికి లోపలి గాలి వెచ్చబడి తేమ శాతం తగ్గేది. ఇప్పుడు అదే బీరువాలో ఎల్ఈడీ బల్బు పెట్టి ఫంగస్ వచ్చిందంటున్నారు. ఎల్ఈడీకి ఆ వేడి ఉండదు.

అపోహ: బియ్యం డబ్బాలో పెడితే తేమంతా లాగేస్తుంది

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఎంత గొడవో ఈ ప్రాంతపు రైతుకి వేరే చెప్పాలా? గింజ చుట్టూ ఉన్న గాలికి తగ్గట్టు తేమ పీల్చి అక్కడితో ఆగిపోతుంది. మన వంటింటి బియ్యం ఇప్పటికే ఆ స్థితికి చేరి ఉంటుంది, ఇంకా పీల్చే శక్తి దానికి పెద్దగా ఉండదు. పైగా తవుడు పొడి, నూక రేణువులు ఫోకస్ రింగు సందుల్లోకి, బటన్ల కిందికి దూరతాయి. కర్పూరం, కలరా ఉండలు తేమని అసలు పీల్చవు, ఆవిరై గాజు మీద పొరలా పడతాయి. బట్టల బీరువాలకి అమ్మే తేమ పీల్చే డబ్బాలు చివరికి ఉప్పునీళ్లవుతాయి. అవి కెమెరా పక్కన ఒలికితే ఇక బాగుచెయ్యడం కష్టం.

అపోహ: ఏసీలో ఉంచితే చాలు

ఏసీ నడిచినంతసేపూ గది పొడిగా ఉంటుంది. ఆపేశాక తేమ మళ్లీ వచ్చేస్తుంది, అప్పటికి లెన్స్ చల్లగా ఉంటుంది. ఏసీ కల్యాణమండపం నుంచి చల్లటి కెమెరాతో బయటికి వచ్చినప్పుడు జరిగేదీ ఇదే. లోపల 24 డిగ్రీలు, బయట 32 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకోండి. ఆ గాలి 28 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరవుతుంది. 24 డిగ్రీల గాజు దానికి తగలగానే మంచు పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఆ సమయంలో లెన్స్ మార్చారంటే సెన్సర్ మీద కూడా పడుతుంది.

బయటికి వచ్చే ముందు, ఏసీ గదిలో ఉండగానే కెమెరాని పెద్ద జిప్ కవర్లో వేసి మూసెయ్యండి. బయట 20-30 నిమిషాలు అలాగే ఉంచితే నీళ్లు కవర్ మీద పడతాయి, కెమెరా మీద కాదు. ఊరేగింపుకి అంత టైము ఉండదంటారా? రెండో బాడీని ముందే బయట అసిస్టెంట్ దగ్గర ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్లొద్దు.

అపోహ: ఫంగస్ వచ్చిందంటే లెన్స్ పోయినట్టే

భయపడకండి, ముందు చూడండి. రెండు మూతలూ తీసి, అపర్చర్ (లోపల వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. చుక్కలైతే దుమ్ము, అది ఏ లెన్సులోనైనా ఉంటుంది. కొమ్మలు చీలినట్టు సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. ఒకటి రెండు దారాలు ఫొటోలో తెలియవు. ఎక్కువైతే ఎదురెండలో తీసినప్పుడు కాంట్రాస్ట్ పడిపోతుంది, ఫొటో మసకబారుతుంది.

మొదట్లోనే పట్టుకుంటే విప్పి శుభ్రం చేస్తే పోతుంది. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది, ఫంగస్ తుడిచేసినా మచ్చ మిగులుతుంది. అంటించిన రెండు గాజుల మధ్యకి పాకితే తీయడం చాలా కష్టం. అందుకే నెలకోసారి టార్చ్ పరీక్ష చెయ్యమనేది. వీడియో చూసి ఇంట్లో జూమ్ విప్పకండి. గాజుల మధ్య ఎడం సరిచేసే ఒక్క సన్నటి రేకు (షిమ్) తారుమారైతే ఫొటోలో ఒక పక్క ఎప్పటికీ షార్ప్‌గా రాదు. కెమెరాతోపాటే వచ్చే కిట్ లెన్స్ అయితే సర్వీసు ఖర్చు, కొత్తదాని ధర రెండూ కనుక్కుని ఆలోచించండి.

ఎండలో పెట్టడం కూడా మందు కాదు. అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు గాజే ఆపేస్తుంది. వేడికి లోపలి గ్రీజు కరిగి అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. కెమెరాకి తగిలించి మూత తీసి ఉంచిన లెన్స్ ఎండని ఒకచోటికి చేర్చి షట్టర్ తెరని కాల్చెయ్యొచ్చు కూడా.

ఇక మిగతావి. ఒక లెన్స్ నుంచి ఇంకోదానికి అంటుకుంటుందన్న భయం అవసరం లేదు, తేమ లేకపోతే ఏదీ పెరగదు. అయినా ఫంగస్ ఉన్నదాన్ని శుభ్రం చేయించేదాకా విడిగా ఉంచితే మంచిది. లెన్స్ ముందు బిగించే యూవీ ఫిల్టర్ ఫంగస్‌ని ఆపదు. వెదర్ సీలింగ్ (నీళ్లు చొరకుండా కెమెరాకి ఇచ్చే రక్షణ) ఉందంటే చినుకుల్ని తట్టుకుంటుందని మాత్రమే అర్థం, నీళ్లలో మునిగినా పర్లేదని కాదు.

అంతర్వేదిలోనో ఉప్పాడలోనో సముద్రపు తుంపర పడితే మంచినీళ్లతో కాస్త తడిపి పిండిన గుడ్డతో బాడీ తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఉప్పు ఎండిపోయాక పొడిగా రుద్దితే గీతలు పడతాయి. కెమెరా ఉప్పునీళ్లలో పడిందా, పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఆన్ చెయ్యకండి. వెంటనే బ్యాటరీ, కార్డు, లెన్స్ విడదీసి ఆ రోజే సర్వీసుకి చేర్చండి. ఉప్పు సర్క్యూట్‌ని తినడం గంటల్లోనే మొదలవుతుంది.