యుద్ధకాలపు బీబీసీ విదేశీ వార్తలు: అపోహలు - వాస్తవాలు

రేడియో వార్తల డెస్కులో పనిచేస్తూ, జర్నలిజం విద్యార్థులకు ప్రసార చరిత్ర కూడా చెబుతుంటాను. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నుంచి విదేశీ శ్రోతలకు వెళ్లిన వార్తల గురించి పాఠం వచ్చినప్పుడల్లా తరగతి రెండుగా చీలిపోతుంది. కొందరి దృష్టిలో బీబీసీ సత్యహరిశ్చంద్రుడు, మరికొందరి దృష్టిలో బ్రిటిష్ సర్కారు బాకా. ఆ వార్తలు రోజూ ఎలా తయారయ్యేవో తెలుసుకుంటే ఈ రెండు మాటలూ నిలబడవు.

అపోహ: విదేశీ ప్రసారాలు యుద్ధంతోనే పుట్టాయి.

బ్రిటిష్ సామ్రాజ్యంలోని శ్రోతల కోసం ఇంగ్లీషులో ఎంపైర్ సర్వీసు 1932 డిసెంబరు 19నే డావెంట్రీ షార్ట్‌వేవ్ కేంద్రం నుంచి మొదలైంది. పరాయి భాషల్లో మొదటిది అరబిక్, 1938 జనవరి 3న. ఇటలీ అప్పటికే బారీ నగరం నుంచి అరబ్బులకు ప్రసారాలు చేస్తోంది, దానికి జవాబు కావాల్సి వచ్చింది. అయితే మొదటి రోజు బులెటిన్‌లోనే, పాలస్తీనాలో బ్రిటిష్ అధికారులు ఒక అరబ్బును ఉరితీసిన వార్త వెళ్లింది. విదేశాంగ శాఖకు అది మింగుడుపడలేదు. ప్రభుత్వానికీ న్యూస్ డెస్కుకూ మధ్య పేచీ ఆ సర్వీసుతోపాటే పుట్టిందన్నమాట. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ ప్రసారాలు అదే ఏడాది సెప్టెంబరు 27న, జర్మనీతో యుద్ధం తప్పదేమో అనిపించిన మ్యూనిక్ సంక్షోభంలో, ప్రధాని చాంబర్లేన్ ప్రసంగాన్ని వినిపించడానికి హడావిడిగా మొదలయ్యాయి.

అపోహ: యుద్ధమంతా బీబీసీ నిజం తప్ప మరొకటి చెప్పలేదు.

1940 సెప్టెంబరు 15న బ్రిటన్ గగనతలంలో పెద్ద పోరు జరిగింది. ఆ రోజు 185 జర్మన్ విమానాలు కూల్చామని ప్రకటించారు. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు చూస్తే అసలు సంఖ్య సుమారు 60. ఇది డెస్కు అల్లిన అబద్ధం కాదు. ఒకే విమానం మీద ఇద్దరు ముగ్గురు పైలట్లు కాల్పులు జరిపి, ఎవరికి వారు తామే కూల్చామని నమ్మారు. వైమానిక శాఖ అన్నీ కలిపి లెక్క ఇచ్చింది. దాన్ని సరిచూసుకోవడానికి డెస్కుకు మరో ఆధారం లేదు. అధికారిక అంకె ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు ఎంత జాగ్రత్తపడాలో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

సెన్సారు సంగతి సరేసరి. భారత్‌కు ప్రసారాలు చేసే ఈస్టర్న్ సర్వీసులో స్క్రిప్టు మీద రెండు ముద్రలు పడాలి, ఒకటి విధానపరంగా, రెండోది భద్రతాపరంగా. మైకు ముందు మాట్లాడేవారు ఆమోదించిన పాఠాన్ని దాటితే ప్రసారం ఆపేయడానికి స్విచ్ దగ్గర ఒక సెన్సారు ఉద్యోగి కూర్చునేవారు.

మరి నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఓటములు చెప్పడం నుంచి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్, జూన్‌లో లిబియాలోని టొబ్రుక్ బ్రిటన్ చేజారితే లండన్ రేడియో ఆ మాట చెప్పింది. జర్మనీలో 1939 సెప్టెంబరు నుంచే విదేశీ రేడియో వినడం నేరం. శిక్షకు తెగించి వినే శ్రోత ప్రతి వార్తనూ తనకు తెలిసిన దానితో పోల్చి చూస్తాడు. ఓడినప్పుడు ఒప్పుకున్నారు కాబట్టి, గెలిచామన్నప్పుడు నమ్మాడు. ఇందులో లెక్క కూడా ఉందని బీబీసీలోని పెద్దలకు తెలుసు. అంతమాత్రాన దాని విలువ తగ్గిపోదు.

అపోహ: రిపోర్టర్లు యుద్ధభూమి నుంచి లైవ్‌లో మాట్లాడేవారు.

మనం ఇప్పుడు వింటున్న ఆ కథనాల్లో చాలావరకు డిస్కు మీద రికార్డు చేసినవే. 1944లో రిపోర్టర్ల చేతికొచ్చిన ‘మిడ్జెట్’ రికార్డర్ బరువు సుమారు 18 కిలోలు. అప్పటికి అదే తేలిక. లోపల తాళం తిప్పితే నడిచే గ్రామఫోన్ మోటారు, బ్యాటరీలు, పది అంగుళాల డిస్కులు డజను. ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త తక్కువ పట్టేది. అంటే గుండ్లు పడుతుండగా వంగి డిస్కు తిప్పి, సూది మళ్లీ పెట్టి, వాక్యం ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకుని మొదలుపెట్టాలి. పేలుడు అదురుకు సూది పక్కకు జారితే ఆ కథనం పోయినట్టే. నేటి రిపోర్టర్లు ఆ డిస్కులు ఒక్కసారైనా శ్రద్ధగా వినాలి. వాక్యాలు ఎంత పొట్టిగా ఉంటాయో తెలుస్తుంది.

అంతకుముందు పరికరాలు ఇంకా పెద్దవి. 1943 సెప్టెంబరు 3 రాత్రి బీబీసీ రిపోర్టర్ విన్‌ఫర్డ్ వాన్-థామస్, ఇంజినీరు రెజినాల్డ్ పిడ్స్‌లీ ఒక లాంకాస్టర్ బాంబర్ విమానంలో రికార్డర్‌తో బెర్లిన్ మీదికి వెళ్లి వచ్చారు. దారిలో జర్మన్ యుద్ధవిమానం దాడి చేయడం, గన్నర్లు దాన్ని కూల్చడం డిస్కులోకి ఎక్కింది. అందరూ అలా తిరిగిరాలేదు. బాంబర్లలో వెళ్లిన కెంట్ స్టీవెన్‌సన్ 1944లో, గై బయామ్ 1945లో ప్రాణాలు కోల్పోయారు.

రికార్డయినది వెంటనే ప్రసారమయ్యేదని కూడా అనుకోకూడదు. 1945 ఏప్రిల్ 15న బెల్సెన్ నిర్బంధ శిబిరం బ్రిటిష్ సేనల వశమైంది. అక్కడ చూసినదాన్ని బీబీసీ రిపోర్టర్ రిచర్డ్ డింబుల్బీ పంపితే, వేరేచోట నుంచి ధ్రువీకరణ వచ్చేదాకా లండన్ డెస్కు ఆపింది. ప్రసారం చేయకపోతే ఇక జీవితంలో మైకు ముందుకు రానని ఆయన పట్టుబట్టారు. కథనం 19న వెళ్లింది. కళ్లారా చూసిన మనిషి వేదన న్యాయమైనది. ఆ స్థాయి ఘోరాన్ని మరో మూలం నుంచి రూఢి చేసుకోవాలన్న డెస్కు పట్టుదలనూ నేను తప్పుపట్టలేను.

అపోహ: వార్తలు చదివేవారు పేరు చెప్పుకోవడం ప్రచారం కోసం.

కాదు. 1940 వేసవిలో దండయాత్ర భయం ఉంది. శత్రువు బీబీసీ గొంతును అనుకరించి తప్పుడు ఆదేశాలు ఇస్తే జనం గుర్తుపట్టాలని, పేరుకు గొంతును జతచేశారు. అదే ఏడాది అక్టోబరు 15న లండన్‌లోని బీబీసీ ప్రధాన కార్యాలయం బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ మీద పడిన బాంబు పేలి ఏడుగురు సిబ్బంది మరణించారు. ఆ చప్పుడు ప్రసారంలోనే వినిపించింది. వార్తలు చదువుతున్న బ్రూస్ బెల్‌ఫ్రేజ్ క్షణం ఆగి బులెటిన్ పూర్తి చేశారు.

అపోహ: శత్రు దేశాల సమాచారమంతా గూఢచారులే తెచ్చేవారు.

చాలా సమాచారం హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నవారి నుంచి వచ్చింది. పరాయి దేశాల రేడియోలు విని రాసుకునే బీబీసీ మానిటరింగ్ విభాగం 1939లో ఇంగ్లండులోని ఈవ్‌షామ్ దగ్గర మొదలై, 1943లో కావర్‌షామ్‌కు మారింది. హిట్లర్ పాలన నుంచి తప్పించుకొచ్చిన శరణార్థులు అందులో ఎందరో. తర్వాత కళాచరిత్రకారుడిగా పేరొందిన ఎర్నెస్ట్ గోంబ్రిచ్ వారిలో ఒకరు. 1945 మే 1న జర్మన్ రేడియో ముఖ్య ప్రకటన ఉందంటూ స్వరకర్త బ్రూక్నర్ ఏడో సింఫనీలోని విషాద భాగం వేసింది. అది మరో స్వరకర్త వాగ్నర్ మరణంతో ముడిపడిన సంగీతమని ఆయనకు తెలుసు. రాగల వార్తలను ముందే చీటీల మీద రాసిపెట్టుకుని, ప్రకటన వినగానే ‘హిట్లర్ మృతి’ చీటీ చూపించారు. లండన్‌కు ఫోను వెళ్లింది.

అపోహ: మనవాళ్లు అప్పుడే బీబీసీని తెలుగులో విన్నారు.

హిందుస్తానీ 1940 మే 11న, తమిళం 1941లో మొదలయ్యాయి. బెంగాలీ, మరాఠీ, గుజరాతీ బులెటిన్లు వచ్చాయి. రచయిత జార్జ్ ఆర్వెల్ 1941 నుంచి 1943 దాకా ఈ విభాగంలో యుద్ధ సమీక్షలు రాశారు. వాటిలో చాలావాటిని వేరేవారు చదివేవారు. ఆయన గొంతు రికార్డు ఒక్కటీ మిగల్లేదు. బీబీసీ తెలుగు మొదలైంది 2017 అక్టోబరు 2న.

అపోహ: సొమ్ము సర్కారుది కాబట్టి వార్త కూడా సర్కారుదే.

1946 నాటి శ్వేతపత్రం పని పంచింది. ఏ భాషల్లో, ఎన్ని గంటలు ప్రసారం చేయాలో ప్రభుత్వం నిర్ణయించాలి, ఏం చెప్పాలో బీబీసీ నిర్ణయించాలి అంది. దీనికి అసలు పరీక్ష, ఈజిప్టు మీద బ్రిటన్ దిగిన 1956 సూయెజ్ యుద్ధం. ప్రధాని ఈడెన్ ప్రసంగానికి ప్రతిపక్ష నేత గేట్‌స్కెల్ ఇచ్చిన జవాబు నవంబరు 4న ప్రసారమైంది. దేశంలో యుద్ధానికి ఎదురవుతున్న వ్యతిరేకత విదేశీ బులెటిన్లలోనూ వెళ్లింది, అరబిక్‌లో కూడా. నిధులు తగ్గిస్తామని ప్రభుత్వం బెదిరించింది. విదేశాంగ శాఖ తన అధికారిని విదేశీ ప్రసారాల కార్యాలయమైన బుష్ హౌస్‌లో కూర్చోబెట్టింది. బులెటిన్లు మారలేదు.

అదే సమయంలో సైప్రస్‌లోని అరబిక్ రేడియో కేంద్రం షర్క్ అల్-అద్నాను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ‘వాయిస్ ఆఫ్ బ్రిటన్’గా మార్చి, తాను అనుకున్నది అనుకున్నట్టు చెప్పించబోయింది. అక్కడి అరబ్ సిబ్బందిలో చాలామంది పని మానేసి వెళ్లిపోయారు.