ఎర్రకణం సద్దిమూట

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గునుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు చలిజ్వరం ఎవరికీ కొత్త కాదు. రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలితే 3 రోజులు క్లోరోక్విన్, దాంతో పాటు 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కొద్దిమందికి మాత్రం రెండో రోజో మూడో రోజో మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. కళ్లు పచ్చబడతాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంట్లోవాళ్లు పచ్చకామెర్లు అనుకుని పసరు మందుకు తీసుకెళ్తారు. మాత్రలు మాత్రం ఆపరు. మధ్యలో మానేయొద్దని గట్టిగా చెప్పి పంపారు మరి.

నిజానికి అక్కడ జబ్బు కాలేయానిది కాదు. ఒంట్లో ఎర్రకణాలు పెద్దఎత్తున పగిలిపోతున్నాయి. వాటిలోని హిమోగ్లోబిన్ బయటపడి మూత్రంలో కలిసి పోతోంది. ప్రైమాక్విన్ మాత్ర వల్ల పుట్టిన పెరాక్సైడ్లు అనే ఆక్సిజన్ రసాయనాలను తట్టుకునే శక్తి ఆ మనిషి ఎర్రకణాలకు పుట్టుకతోనే తక్కువ. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే మాటను పౌడరు డబ్బాల మీద, ఫేస్ క్రీముల ప్రకటనల్లో చూసీ చూసీ తేలిగ్గా తీసుకోవడం అలవాటైపోయింది. కొండ జిల్లాల్లో అది మనిషిని ఆస్పత్రి మంచం ఎక్కించి రక్తం ఎక్కించే దాకా తెచ్చే విషయం.

ఆక్సిజన్ అణువు ఎప్పుడూ ఎలక్ట్రాన్ల కోసం కాచుకుని ఉంటుంది. నాలుగూ అందితే నీరైపోతుంది, ఏ గొడవా ఉండదు. మన కణాల్లోని మైటోకాండ్రియా చాలావరకు చేసేది ఇదే. ఒక్కటి అంది ఆగిపోతే సూపరాక్సైడ్ అవుతుంది, రెండు అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పెరాక్సైడ్‌కు ఇనుము తగిలిందంటే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దానికి ఇదీ అదీ అని లేదు. కొవ్వు, ప్రోటీన్, డీఎన్‌ఏ, పక్కన ఏదుంటే దాన్ని పాడుచేస్తుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఎంత తీవ్రంగా పనిచేస్తాయో ఫెంటన్ అనే రసాయనవేత్త 1894లోనే రాశాడు. ఇవి పూర్తిగా చెడ్డవీ కావు. మన తెల్లకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి వీటినే వాడతాయి. పుట్టే వేగం, అణిగే వేగాన్ని దాటినప్పుడే చిక్కు. ఆ చిక్కుకే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు.

ఇనుము, ఆక్సిజన్ ఒకేచోట కిక్కిరిసి ఉండే జాగా ఒంట్లో ఎర్రకణాన్ని మించి లేదు. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కో అణువులో 4 ఇనుము పరమాణువులు. ఏ మందూ మింగకుండానే రోజుకు 3 శాతం దాకా హిమోగ్లోబిన్ తనంతట తానే ఆక్సీకరణం చెంది సూపరాక్సైడ్‌ను వదులుతుంది. ఇంత ప్రమాదం మధ్య ఉండే ఈ కణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు. పాతబడిన ఎంజైమ్ బదులు కొత్తది చేసుకునే వీల్లేదు. ఎముక మజ్జలోంచి బయల్దేరేటప్పుడు ఏ సద్దిమూట కట్టి పంపారో, దాంతోనే 120 రోజులూ గడపాలి.

ఆ మూటలో ఉన్నవాటిని మనిషి గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1938లో మాన్, కెయిలిన్ అనే ఇద్దరు పశువుల రక్తం నుంచి రాగి ఉన్న ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. దాని పనేమిటో 30 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ తేల్చారు, అది సూపరాక్సైడ్‌ను పట్టి పెరాక్సైడ్‌గా మారుస్తోందని. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అని పేరు పెట్టారు. ప్రాణుల ఒంట్లో ఇలాంటి రాడికల్స్ నిజంగానే పుడతాయని జీవశాస్త్రవేత్తలకు నమ్మకం కుదిరింది ఆ తర్వాతే. అణిచే ఎంజైమ్ ఉందంటే అణచవలసింది కూడా ఉన్నట్టే కదా.

పెరాక్సైడ్ పని కెటలేజ్ చూస్తుంది. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వచ్చేది దానివల్లే. కెటలేజ్ ఒక్కటే సరిపోదు. పెరాక్సిరెడాక్సిన్లు, గ్లూటాథియోన్ కూడా కావాలి. గ్లూటాథియోన్ మూడు అమైనో ఆమ్లాలతో అయిన చిన్న అణువు. అందులోని గంధకం పెరాక్సైడ్‌కు ఎదురెళ్లి తానే ఆక్సీకరణం చెందుతుంది, హిమోగ్లోబిన్‌ను కాపాడుతుంది. వాడిన గ్లూటాథియోన్ మళ్లీ పనికిరావాలంటే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు దానికి ఎలక్ట్రాన్లు ఇవ్వాలి. ఇతర కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ తయారుచేసుకునే దారులు ఒకటికి మించి ఉన్నాయి. ఎర్రకణానికి ఒక్కటే దారి. గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని పక్కకు మళ్లించి చేసుకోవాలి. ఆ దారిలో మొదటి అడుగు వేయించే ఎంజైమ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజనేజ్. పొట్టిగా జీ6పీడీ అంటారు.

ప్రపంచంలో 40 కోట్ల మందికి పైగా మనుషుల్లో ఈ ఎంజైమ్ తక్కువ. మామూలు రోజుల్లో వాళ్లకు ఏమీ తెలియదు. పొలం పని చేస్తారు, కొండలెక్కుతారు. పెరాక్సైడ్లు ఒక్కసారిగా మీద పడినప్పుడే తేడా బయటపడుతుంది. గ్లూటాథియోన్ అయిపోగానే హిమోగ్లోబిన్ రూపం చెడి ఉండలు కడుతుంది. ఆ ఉండలు కణం గోడకు లోపలి నుంచి అతుక్కుంటాయి. 1890లో వాటిని గుర్తించిన హైంజ్ పేరు మీదే హైంజ్ బాడీలు అంటున్నారు. అలాంటి కణం, చెడిన ఎర్రకణాలను ఏరేసే అవయవమైన ప్లీహంలోని సన్నటి సందుల్లోంచి దాటబోతే అక్కడి కణాలు ఆ ఉండను కొరికేస్తాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్రకణం అంచున పంటిగాటు పడ్డట్టే ఉంటుంది. కొన్ని కణాలైతే రక్తనాళంలోనే పగిలిపోతాయి.

ఇంత ప్రమాదం ఉన్న ప్రైమాక్విన్‌ను ఎందుకు ఇస్తున్నారంటే, దాని అవసరం అంతటిది కాబట్టి. పర్లాకిమిడిలో ఉంటూ సవర గూడేల్లో తిరిగిన గిడుగు రామమూర్తి గారు మలేరియాకు వాడిన క్వినైన్ వల్లే వినికిడి పోగొట్టుకున్నారని మనలో చాలామంది చదువుకున్నాం. అంత నష్టం చేసిన క్వినైన్ కూడా వైవాక్స్‌ను వేళ్లతో పీకలేదు. రక్తంలో ఉన్నదాన్ని చంపుతుంది గానీ, కాలేయంలో నిద్రపోతున్న రూపాన్ని ముట్టుకోదు. వారాలో నెలలో గడిచాక అది లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. ఆ నిద్రాణ రూపాన్ని చంపే మందులు ఇప్పటికీ ప్రైమాక్విన్, దాని తోబుట్టువు టఫెనోక్విన్ మాత్రమే. అందుకే 14 రోజులూ వేసుకోవాలన్న మాట అబద్ధం కాదు. వేసుకునే మనిషి ఎర్రకణాల సంగతి ముందే తెలియాలన్నదే నా మాట.

మందులో తప్పా, మనిషిలో తప్పా అన్నది తేలింది అమెరికాలో, స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద జరిగిన పరీక్షల్లో. స్వేచ్ఛ లేని మనుషుల మీద అలా మందులు పరీక్షించడం తప్పు, దాన్ని ఎవరూ సమర్థించకూడదు. అక్కడ తెలిసిన విషయం మాత్రం ఆ తర్వాత ఎందరి ప్రాణాలో కాపాడింది. ప్రైమాక్విన్ పడని మనిషి ఎర్రకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టి, పడే మనిషి ఒంట్లోకి ఎక్కించారు. మందు ఇచ్చారు. ఎక్కించిన కణాలు పగిలాయి, ఆ మనిషి సొంత కణాలు నిలిచాయి. అటుదిటు చేసి చూస్తే, పడే మనిషి కణాలు పడని మనిషి ఒంట్లోకి ఎక్కించినా క్షేమంగానే ఉన్నాయి. లోపం కణంలోనే ఉందని దాంతో రుజువైంది. 1956లో పాల్ కార్సన్, ఆల్ఫ్ ఆల్వింగ్ బృందం ఆ లోపం జీ6పీడీ కొరత అని గుర్తించింది.

ఈ లోపంలో ఒక రకానికి ఒడిశా పేరే ఉంది. 1995లో పరిశోధకులు మన దేశపు గిరిజన సమూహాల్లో ఎక్కువగా కనిపించే రూపాన్ని పట్టుకుని జీ6పీడీ ఒరిస్సా అన్నారు. ఎంజైమ్ గొలుసులో 44వ స్థానంలో అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లైసిన్ అనే మరొకటి చేరింది, అంతే. ఇంత హాని చేసే మార్పు తరతరాలుగా ఇక్కడ ఎందుకు నిలిచింది? జవాబు మలేరియాలోనే ఉంది. పరాన్నజీవి ఎర్రకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటూ పోతే లోపల ఇనుము, పెరాక్సైడ్లు పెరుగుతాయి. రక్షణ తక్కువున్న కణం ఆ ఒత్తిడికి త్వరగా దెబ్బతిని, పరాన్నజీవి ఎదగకముందే ప్లీహం చేతికి చిక్కుతుంది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ కూడా ఇలాంటి దెబ్బే కొడుతుంది. పరాన్నజీవి తిని వదిలిన ఇనుము తగిలి ఆ మందులోని పెరాక్సైడ్ వంతెన తెగుతుంది, అప్పుడు పుట్టిన రాడికల్స్ పరాన్నజీవినే చంపుతాయి.

రక్తంలోని లోపాలు మలేరియా నుంచి కాపాడుతూ ఉండటం వల్లే నిలిచి ఉంటాయని తలసీమియా గురించి 1949లోనే ఊహించినవాడు బ్రిటన్‌లో పుట్టిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన చివరి ఏళ్లు భువనేశ్వర్‌లో గడిచాయి, 1964లో అక్కడే కన్నుమూశాడు. దేహం ఆయన కోరిక ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఒడిశాకూ మనకూ మధ్య ఉన్న ఈ బంధం మన పిల్లలకు చెప్పుకోదగ్గది.

జీ6పీడీ తక్కువున్న మనిషికి ప్రైమాక్విన్ ఒక్కటే ప్రమాదం కాదు. కుష్ఠు చికిత్సలో ఇచ్చే డాప్సోన్ కూడా అంతే. ఇంట్లో వాడేవీ ఉన్నాయి. ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు తీసి బాలింత పక్కన పసిబిడ్డకు చుడతారు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి చాలు, లోపం ఉన్న బిడ్డకు కామెర్లు మెదడుకు ముప్పు తెచ్చేంత ముదరడానికి. గోరింటాకులో ఎర్రగా పండే లాసోన్ కూడా ఆ కోవకు చెందిన రసాయనమే, అది పసివాళ్ల లేత చర్మంలోంచి లోపలికి దిగుతుంది. నెలల పిల్లల చేతులకు, కాళ్లకు గోరింటాకు పెట్టకండి. ముచ్చట తీర్చుకోవడానికి ముందు ఎన్నో ఏళ్లున్నాయి. మధ్యధరా దేశాల్లో తినే ఫావా గింజలతోనూ ఇలాగే జరుగుతుంది. మన చిక్కుడు వేరే మొక్క, దానికి భయపడనక్కర్లేదు.

మరి యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. సరిపోదు. ఇక్కడ కొరత తిండిలో లేదు, ఎంజైమ్‌లో ఉంది. విటమిన్ సి నే పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే, అది తిరగబడి పెరాక్సైడ్ పుట్టించి ఈ మనుషుల ఎర్రకణాలను పగలగొట్టిన సందర్భాలున్నాయి. ఎంజైమ్ బాగా ఉన్నవాళ్లకైనా అంతే జాగ్రత్త అవసరం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం ఎక్కువ కనిపించింది. ఉసిరి, మునగాకు, గోంగూర మంచివే, హాయిగా తినండి. డబ్బాలో పోసి అమ్మే రక్షణకు జేబు ఖాళీ చేసుకోకండి.

కావాల్సింది పరీక్ష. తేలికైన పద్ధతి ఒకటి చాలా ఏళ్లుగా ఉంది. వేలి నుంచి తీసిన రక్తం చుక్కను గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఎన్‌ఏడీపీ ఉన్న ద్రావణంలో కలిపి, కాసేపాగి వడపోత కాగితం మీద చుక్కగా పెట్టి ఆరనిస్తారు. గదిలో లైటు తీసేసి అల్ట్రావయొలెట్ దీపం కింద పెడతారు. ఎంజైమ్ పనిచేస్తే ఎన్‌ఏడీపీహెచ్ తయారై ఆ చుక్క నీలంగా వెలుగుతుంది. లేకపోతే నల్లగానే ఉండిపోతుంది. ఒక మెలిక ఉంది. రక్తం పగిలిన వెంటనే పరీక్షిస్తే అంతా బాగున్నట్టు రావచ్చు. ఎంజైమ్ అరిగిన పాత కణాలు అప్పటికే పోయి, ఎంజైమ్ కాస్త ఎక్కువున్న కొత్త కణాలు మిగులుతాయి కాబట్టి. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

ఒడిశాలో 2016లో 4 లక్షలు దాటిన మలేరియా కేసులు, 2017లో దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం మొదలయ్యాక, 2019 నాటికి 40 వేల దరిదాపులకు దిగాయి. దేశంలో 2030 నాటికి మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం. వైవాక్స్‌ను పూర్తిగా పోగొట్టాలంటే ప్రైమాక్విన్ తప్పదు. ఇదే కొండల్లో సికిల్ సెల్ కోసం ఊరూరా రక్తపరీక్షలు జరుగుతున్నాయి. అదే వేలిపోటుతో జీ6పీడీ కూడా చూసేయాలి. లోపం ఉందని తేలినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. వారానికి ఒక్కసారి చొప్పున 8 వారాలు, డాక్టరు కనిపెట్టి ఉండగా ప్రైమాక్విన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్ష అందని చోట ఆశా దీదీ ఇంటికొచ్చి "మూత్రం ఏ రంగులో వస్తోందమ్మా?" అని రోజూ అడిగితే అదే పెద్ద రక్ష. రంగు మారితే మాత్ర ఆపి, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు కాబట్టి, ఒకదానిలోనే లోపం ఉంటే కొన్ని ఎర్రకణాలు గట్టివి, కొన్ని బలహీనమైనవి ఉంటాయి. ఆ చుక్క పరీక్షలో అలాంటివాళ్లు తప్పిపోవచ్చు, వాళ్లకు ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష కావాలి. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. లోపం ఉన్న మేనమామకు, ఒక ఎక్స్‌లో లోపం ఉన్న మేనకోడలిని ఇస్తే, వాళ్లకు పుట్టే ఆడపిల్లల్లో ప్రతి ఒక్కరికీ రెండు ఎక్స్‌లూ లోపంతో వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే ఒక అబ్బాయికి తక్కువని తేలితే అతని అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, మేనమామలకూ, పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులకూ పరీక్ష చేయించండి. ఫలితం చీటీ ఒడియాలోనే కాకుండా ఇంగ్లీషులోనూ రాయించుకోండి. పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళానికి, రాయగడ వాళ్లు పార్వతీపురానికో విశాఖకో వైద్యానికి వెళ్తుంటారు, అక్కడి డాక్టరుకు ఒడియా చదవడం రాకపోవచ్చు.