పానికమ్ అనే పేరు ఎవరిది?

గినీ గడ్డి పశువుల మేతగా ఉష్ణమండల దేశాలన్నిటా పెరుగుతుంది. పాత పుస్తకాల్లో దాని శాస్త్రీయ నామం పానికమ్ మాక్సిమమ్ అని ఉంటుంది. 1987లో అది యూరోక్లోవా మాక్సిమా అయింది. 2003లో మెగాథిర్సస్ మాక్సిమస్ అయింది. మూడూ ఒకే మొక్క పేర్లు. మొదటి మాట మారిన ప్రతిసారీ రెండో మాట చివర ఎలా మారిందో చూడండి: మాక్సిమమ్, మాక్సిమా, మాక్సిమస్. సంస్కృతంలో సుందరం, సుందరీ, సుందరః అంటామే, అలాంటిదే ఇది. లాటిన్ లెక్కలో పానికమ్ నపుంసక లింగం, యూరోక్లోవా స్త్రీలింగం, మెగాథిర్సస్ పుంలింగం. విశేషణం దాని వెంట నడవాలి. ‘అన్నిటికన్నా పెద్దది’ అనే అర్థం మాత్రం మూడింటిలోనూ అదే.

మనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించనక్కర్లేదు. తెలుగువాళ్ళ పేర్లలో లాగే ఇక్కడా ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేరు ప్రజాతిని, అంటే దగ్గరి బంధువులనుకున్న జాతుల గుంపును చెబుతుంది, రెండు మాటలూ కలిస్తే జాతి తెలుస్తుంది. దత్తత వెళ్ళిన పిల్లవాడికి ఇంటిపేరు మారి సొంత పేరు మిగిలినట్టు, ప్రజాతి మారిన మొక్కకు రెండో మాట మిగులుతుంది. అలా మిగలాలన్నది నియమం. మొదట ఆ పేరు పెట్టినవారిని కూడా మరచిపోకూడదు. అందుకే గినీ గడ్డి పూర్తి పేరు రాసేటప్పుడు 18వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన జాక్విన్ పేరు బ్రాకెట్లలో వస్తుంది, ఇప్పటి ప్రజాతికి మార్చిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు సైమన్, జేకబ్స్‌ల పేర్లు దాని తర్వాత వస్తాయి. ఆ ఒక్క వరుసలో ఆ గడ్డి చరిత్ర సగం కనిపిస్తుంది. నాకు అది చాలా ఇష్టమైన ఏర్పాటు.

ఇంతకీ గినీ గడ్డి పాత ఇల్లు ఎందుకు వదిలింది? కారణం పానికమ్ ప్రజాతి పెరిగిన తీరులోనే ఉంది.

గడ్డి పూలకు రంగుల రేకులుండవు. వాటిని గుర్తుపట్టాలంటే కంకిలో పూలుండే చిన్న భాగాన్ని, అంటే కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చిరుకంకిని భూతద్దం కింద పెట్టి విప్పాలి. పానికమ్ చిరుకంకి అడుగున రెండు పొట్టు రేకులు, సాధారణంగా ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. లోపల రెండు పూలు. కింది పువ్వు గొడ్డుదో, మగదో అయి ఉంటుంది. పై పువ్వే గింజ కడుతుంది. దాని చుట్టూ ఉండే పొట్టు గట్టిగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. చూడటానికి ఎంతో ముచ్చటైన నిర్మాణం. చిక్కేమిటంటే ఈ నమూనా ఒక పెద్ద గడ్డి తెగ మొత్తానికీ ఉమ్మడి ఆస్తి. ఆ తెగలో ముళ్ళో, వెంట్రుకలో, వింత ఆకారపు కంకులో ఉన్నవాటికి వేరే పేర్లు దొరికాయి. ఏ ప్రత్యేకతా లేనివన్నీ పానికమ్‌లో వచ్చి పడ్డాయి. అలా సుమారు 450 జాతులు చేరాయి. లేని లక్షణాన్ని బట్టి కట్టిన కుటుంబం అది. అందులో ఉన్నవాళ్ళందరూ బంధువులేనన్న హామీ ఏమీ లేదు.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ‘స్పీసీస్ ప్లాంటారమ్’లో రాసినప్పుడు మనం కొర్ర అనే మొక్క కూడా పానికమే. 1812లో ఫ్రాన్స్‌కు చెందిన పాలిసో ద బోవా దాన్ని వేరు చేశాడు. కొర్ర కంకి మీద నూగులా కనిపించే వెంట్రుకలు చిరుకంకుల కింద పుడతాయి, చిరుకంకి రాలినా అవి కాడకే అంటుకుని ఉంటాయి. లాటిన్‌లో ‘సేటా’ అంటే ముతక వెంట్రుక, అందుకని సెటేరియా. అయితే అప్పటికే ఒక లైకెన్‌కు (బూజూ నాచూ కలిసి బతికే జీవికి) ఆ పేరు పెట్టేశారు. మొక్కలకూ లైకెన్లకూ ఒకే నామకరణ నియమావళి, అందులో ముందు వచ్చిన పేరుకే హక్కు. ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తే కొర్ర కుటుంబం మొత్తానికి మళ్ళీ కొత్త పేరు వెతకాలి. బాగా వాడుకలో ఉన్న పేర్లను కాపాడే మినహాయింపు కూడా నియమావళిలోనే ఉండటంతో సెటేరియా నిలిచింది.

20వ శతాబ్దంలో పరిశీలన చిరుకంకిని దాటి ఆకు లోపలికి వెళ్ళింది. ఎండ, వేడి ఎక్కువగా ఉన్నచోట కార్బన్ డయాక్సైడ్‌ను పొదుపుగా పట్టుకునే సీ4 పద్ధతి కొన్ని గడ్డి మొక్కలకు ఉంటుంది, మిగతావి పాతదైన సీ3 పద్ధతిలో నడుస్తాయి. పానికమ్‌లో రెండు రకాలూ ఉన్నాయి! ఈ తేడా బయటపడటానికి చాలా ముందే, 1910లో, అమెరికాలో గడ్డి శాస్త్రజ్ఞులు హిచ్‌కాక్, ఆగ్నెస్ చేజ్ కలిసి ఉత్తర అమెరికా పానికమ్ జాతులను సర్వే చేసి, ఏడాదిలో రెండుసార్లు వేర్వేరు రూపాల్లో కంకులు వేసే గుంపును డైకాంథీలియం అనే ఉపప్రజాతిగా గీత గీసి చూపించారు. కాలేజీ చదువు లేకుండా, మొక్కల బొమ్మలు గీసే పనితో మొదలుపెట్టి గడ్డి శాస్త్రంలో అంతటి పేరు తెచ్చుకున్న మనిషి చేజ్. ఆ గుంపు సీ3 పద్ధతిదని తర్వాత తేలింది. 1974లో దానికి ప్రజాతి హోదా వచ్చింది. ఆమె కన్ను ఎంత నమ్మదగినదో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

గినీ గడ్డి కేసు కూడా ఇలాంటిదే. దాని గింజ పొట్టు నున్నగా ఉండదు, అడ్డంగా సన్నటి ముడతలు ఉంటాయి. దాని సీ4 రసాయన మార్గం అసలు పానికమ్‌లది కాదు, యూరోక్లోవా గుంపుది. క్రోమోజోముల మూల సంఖ్య, అంటే ఒక సెట్‌లో ఉండే క్రోమోజోములు, పానికమ్‌లలో 9 అయితే, దీనిలో 8. 2003లో వెలువడిన డీఎన్ఏ అధ్యయనం పానికమ్ అనే పాత సంసారం ఒకే వంశం కాదని చూపించింది. యూరోక్లోవాలో కలపాలా, విడిగా మెగాథిర్సస్‌గా ఉంచాలా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

పేరు మారినప్పుడల్లా మేత మీద, కలుపు మీద పనిచేసేవాళ్ళకు టెన్షనే. ఒక పేరుతో వెతికితే మిగతా పేర్ల కింద ఉన్న పరిశోధన కంటపడదు. ఆ విసుగును నేను కొట్టిపారేయను. కానీ బంధుత్వం తప్పని తెలిశాక కూడా పాత ఇంటిపేరుతోనే పిలిస్తే, ఆ పేరు మనకు చెప్పేదేముంది? పైగా శాస్త్రజ్ఞులు ఊరికే పేర్లు మార్చరు. కొర్రను సాగులోకి తెచ్చింది ఉత్తర చైనాలో, అయినా అది సెటేరియా ఇటాలికాగానే, అంటే ‘ఇటలీది’గానే ఉంది. సామను భారతదేశంలో సాగులోకి తెచ్చారు, అయినా అది పానికమ్ సుమత్రెన్సే, అంటే ‘సుమత్రాది’. అర్థం తప్పయినంత మాత్రాన పేరు తీసేయడానికి నియమం ఒప్పుకోదు.

ఇన్ని జాతులు వెళ్ళిపోతే పానికమ్ అనే పేరు ఎవరికి దక్కాలి? దానికీ నియమం ఉంది. ప్రతి ప్రజాతి పేరూ ఒక జాతికి ముడిపడి ఉంటుంది. పానికమ్‌కు ఆ జాతి వరిగ, అంటే పానికమ్ మిలియేసియమ్. వరిగ ఎక్కడుంటే పానికమ్ పేరు అక్కడే. మిగతావాటిలో వరిగకు దగ్గర బంధువులైనవే ఆ ఇంట్లో ఉంటాయి.

రోమన్ల కాలంలో పానికమ్ అంటే కొర్ర. వరిగను వాళ్ళు మిలియమ్ అనేవారు. ఇప్పుడు కొర్ర సెటేరియా అయింది, వరిగ పానికమ్ అయింది. మిలియమ్ అనే పేరును లిన్నేయస్ చల్లటి ప్రాంతాల అడవుల్లో పెరిగే వేరే గడ్డికి ఇచ్చేశాడు. వరిగ రెండో పేరు మిలియేసియమ్‌కు అర్థం ‘మిలియమ్ లాంటిది’ అని.