అడ్వాన్సు తీసుకున్నోడు, మస్టర్లో లేనోడు

ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ యజమానులను కదిలిస్తే ముందు వచ్చే మాట, మనుషులు నిలబడటం లేదని. అడ్వాన్సు తీసుకుంటారు, పండక్కి ఊరెళ్తారు, ఇక ఫోను ఎత్తరు అంటారు. కూలీలను అడిగితే ఇంకో మాట: పని ఉన్నన్నాళ్లే మేము, రాయి మీద పడితే మా పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. రెండు ఫిర్యాదులూ నిజమే. రెండింటికీ వేరు ఒక్కటే, అది క్వారీలు పుట్టకముందుది.

మొదట్లో పొలం. నెల్లూరులో వడ్ల లెక్క ఇప్పటికీ పుట్టిలోనే, పుట్టంటే 850 కిలోలు. పాలేరు ఏడాది జీతం కూడా గింజల్లోనే కొలిచేవాళ్లు. ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాది దాకా ఆ ఇంటి మనిషే. పండక్కి బట్టలు, కాళ్లకు చెప్పులు, పూటకింత సంగటి. ఇంతవరకూ బాగానే ఉంది. పెళ్లికో జబ్బుకో ఆసామి దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నాడా, అక్కడ మొదలయ్యేది అసలు కథ. ఆ అప్పు తీరేదాకా పాలేరు గడప దాటకూడదు. తీరకపోతే కొడుకు వంతు. దీన్ని నమ్మకం అని చెప్పుకునే ఆసాములు ఇప్పటికీ ఉన్నారు. వెళ్లే దారి లేనివాడి విశ్వాసాన్ని దేనితో కొలుస్తామో నాకైతే తెలియదు.

1976 చట్టం వెట్టిని రద్దు చేసింది. 1975 అక్టోబరు 25 నుంచే అమలని రాసి, ఆ బాకీలనూ కొట్టేసింది. పాలేరు అనే మాట మెల్లగా పోయింది. అడ్వాన్సు అనే మాట మాత్రం గట్టు దిగి ఇటుక బట్టీకీ, క్వారీకీ, చేపల చెరువుకీ నడిచి వచ్చేసింది. చెరువు కాపలాకు కుదిరిన యానాది కుటుంబాలకు దాని బరువు బాగా తెలుసు.

ఇదంతా కూలీని కట్టేసిన తాడు. యజమానిని కట్టిన తాడు ఎక్కడ మొదలైందో వెతికితే నెల్లూరు వైపు గూడూరు, రాపూరు తాలూకాల అభ్రకం (మైకా) గనుల దగ్గరికి వెళ్లాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి సైదాపురం, కలిచేడు చుట్టుపక్కల భూమిని తవ్వుతూనే ఉన్నారు. మగవాళ్లు గనిలోకి దిగేవారు, పైన ఆడవాళ్లు కత్తితో పొరలు విడదీసేవారు. కరెంటు సామానుకూ రేడియోలకూ ఆ పొరలు కావాలి, అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో మైకాకు ఎక్కడలేని గిరాకీ. యుద్ధం ముగిశాక, 1946లో, అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో వైద్యం, చదువు, తాగునీళ్లు చూడాలన్నది ఏర్పాటు. కలిచేడు ఆసుపత్రి అలా వచ్చిందే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కార్మికుడి బాగోగులు యజమాని మంచితనానికి వదిలేయలేదు, ఓడరేవు దగ్గరే వసూలు చేశారు. కానీ దాని బలహీనతా అందులోనే ఉంది. నిధి ఎగుమతి మీద ఆధారపడింది. మైకా బదులు వేరే సరుకులు వచ్చి గిరాకీ పడిపోయాక, సెస్సు ఎక్కడి నుంచి వస్తుంది?

చీమకుర్తి కథ వేరు. గెలాక్సీ గ్రానైట్ రాయి దేశాలు దాటింది, దాన్ని కోసే మనిషేమో ఒడిశా, బీహార్ల నుంచి వచ్చాడు. మధ్యలో మేస్త్రీ. యజమాని లెక్కలో అతను మేస్త్రీ మనిషి, తన మనిషి కాడు. చట్టం అలా అనుకోలేదు. మేస్త్రీ కూలి ఎగ్గొడితే అసలు యజమానే ఇచ్చుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ప్రమాద పరిహారం సంగతి అంతకంటే పాతది, 1923 నాటిది. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర (పాత ప్రకాశం జిల్లాలోదే) క్వారీలో రాళ్లు విరిగిపడి ఒడిశా కూలీలు ఆరుగురు చనిపోయారు.

రొయ్యల గుంటల దగ్గర ఇంకో రకం ఒప్పందం కనబడుతుంది. నెలకింత జీతం, పట్టుబడి బాగుంటే టన్నుకింత పైడబ్బు. లాభంలో వాటా ఉంది కాబట్టి రాత్రి నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగితే పనివాడే ముందు లేస్తాడు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పరస్పరం అనే మాటకు దగ్గరగా వచ్చింది ఇదొక్కటేనని నా లెక్క. అయితే 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు నెల్లూరు తీరాన్ని ఊడ్చేసినప్పుడు వాటా అంటే సున్నాలో వాటా. 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చి గుంటలు మళ్లీ నిండాయి, తెగులు భయం మాత్రం అలాగే ఉంది.

2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్లు ఆగకుండా ఏడాదికే గ్రాట్యుటీ, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం అన్నారు. మేస్త్రీ నోటుబుక్కులోని పేరు యజమాని సంతకం ఉన్న కాగితం మీదికి ఎక్కాలన్నమాట. ఆ కాగితం తెలుగులో ఇస్తారో, ఒడియాలో ఇస్తారో చీమకుర్తిలో అడిగి చూడాలి.