హోగార్త్ దాచిపెట్టిన ఎనిమిది బొమ్మలు

చిత్రకారుల బొమ్మలను ఏఐ కంపెనీలు అడక్కుండా వాడుకోవచ్చా? బ్రిటన్‌లో ఈ గొడవ చల్లారడం లేదు. 'వద్దని ముందే చెప్పినవాళ్లవి తప్ప మిగతావి తీసుకోవచ్చు' అనే పద్ధతిని అక్కడి ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రతిపాదించాక కళాకారులు భగ్గుమన్నారు. వాళ్ల కోపం అర్థం కావాలంటే 1735 జూన్‌కి వెళ్లాలి.

లండన్ వీధి బతుకును వ్యంగ్యంగా గీసిన విలియం హోగార్త్ ఆ నెలలో ఒక పని చేశాడు. తండ్రి ఆస్తిని తగలేసి పిచ్చాసుపత్రి పాలైన కుర్రాడి కథతో 8 బొమ్మలు సిద్ధంగా ఉన్నా, అమ్మకుండా ఆపేశాడు. మూడేళ్ల కిందటి దెబ్బ అలాంటిది. పల్లె నుంచి వచ్చి వేశ్యగా మారిన అమ్మాయి కథను 1732లో 6 బొమ్మల సెట్‌గా, సెట్‌కు గిన్నీ (21 షిల్లింగులు) చొప్పున అమ్మితే, వెయ్యిమందికి పైగా చందా కట్టారు. వెంటనే దొంగ కాపీలు బజారును ముంచెత్తాయి. 1710 నాటి బ్రిటన్ కాపీరైట్ చట్టం పుస్తకాలనే కాపాడింది, బొమ్మల ఊసెత్తలేదు.

అందుకే తోటి కళాకారులతో కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. పార్లమెంటు చట్టం చేసింది: బొమ్మకు 14 ఏళ్ల హక్కు, ప్రతి దొంగ ప్రతికీ 5 షిల్లింగుల జరిమానా. చట్టం జూన్ 24న అమల్లోకి వస్తుంది. అంతవరకు ఆగుదామనుకుంటే, బొమ్మల వ్యాపారులు చిత్రాలు చూసే నెపంతో డబ్బుకు కటకటలాడే మనుషుల్ని ఆయన ఇంటికే పంపారు. వాళ్లు చిత్రాలను కళ్లారా చూసి వస్తే, గుర్తున్నంత మేరకు బయట గీయించి వ్యాపారులు అచ్చేశారు. హోగార్త్ ఈ సంగతి పత్రికలో ప్రకటనగా వేయించి మరీ జనానికి చెప్పాడు.

చౌక కాపీల వల్లే మామూలు ఇళ్లకు బొమ్మలు చేరాయనే వాదన ఉంది. కొంత నిజమే. కానీ హోగార్త్ తన సెట్‌ను 2 గిన్నీలకు, అంటే 42 షిల్లింగులకు అమ్ముతూనే, చిన్న కాపీలు రెండున్నర షిల్లింగులకు అమ్ముకోమని ఒక వ్యాపారికి తానే అనుమతి ఇచ్చాడు. చౌకగా ఇవ్వడం ఆయనకు అభ్యంతరం కాదు. తనను అడగాలి, అంతే.

ఆయన పోయాక 1767 నాటి చట్టం భార్య జేన్‌కు ఆయన బొమ్మలపై మరో 20 ఏళ్ల హక్కు ఇచ్చింది.

ఇక దాచిపెట్టిన ఆ 8 బొమ్మలు 1735 జూన్ 25న, మొదటి చట్టం అమల్లోకి వచ్చిన మర్నాడే బయటికొచ్చాయి. మొదటి బొమ్మ అడుగున సన్నటి అక్షరాల్లో ఇలా ఉంటుంది: ఊహించి, చిత్రించి, చెక్కి, ప్రచురించినది విలియం హోగార్త్, పార్లమెంటు చట్టం ప్రకారం.