50 రూపాయలు, లేదంటే జైలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన బోటు తిరిగి ఒడ్డుకు చేరడానికి రోజులు పడుతుంది. కొట్లాట కేసులో నేరం రుజువై, జైలుకు బదులు షరతుల మీద వదిలే ప్రొబేషన్‌పై బయటున్న కలాసీ ఒకడు ఆ బోటులో ఉన్నాడనుకుందాం. ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర సంతకం పెట్టాల్సిన రోజు నడిసముద్రంలోనే గడిచిపోయింది. అదీ షరతు తప్పడమే.

చాలామంది దీన్ని బైండోవర్‌తో కలిపేస్తారు. బైండోవర్ నేరం జరక్కముందే జాగ్రత్తకోసం రాయించేది. ప్రొబేషన్ నేరం రుజువయ్యాక, జైలుకు బదులు ఇచ్చేది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్‌లో మొదటిసారి తప్పు చేసినవాణ్ని బాండు మీద వదిలే వీలుండేది. మనిషిని కనిపెట్టుకుని ఉండే ఆఫీసరు మాత్రం అందులో లేడు. విశాఖ మద్రాసు పాలనలో ఉన్న రోజుల్లోనే 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ చట్టం వచ్చింది. కేంద్ర చట్టం 1958లో వచ్చింది. 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సంస్కరణ దారిలో మైలురాయి అంది. ఆ కేసులో తేలాల్సింది ఎవరిని వదలాలన్నదే. వదిలాక వాడు సంతకం మరిచిపోతే ఏం చేయాలన్న ప్రశ్న అక్కడ రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు 1958 చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. కోర్టు వారెంటు ఇవ్వొచ్చు, సమన్లతోనూ సరిపెట్టొచ్చు. విచారణ తేలేదాకా రిమాండుకు పంపొచ్చు, బెయిలూ ఇవ్వొచ్చు. షరతు తప్పాడని తేలితే మాత్రం ఆ సెక్షన్ రాసినవి రెండే: మొదటిసారైతే 50 రూపాయలకు మించని జరిమానా, లేదా అసలు నేరానికి శిక్ష. అంటే సంతకం తప్పినందుకు, ఎప్పటిదో కొట్లాటకి జైలు. రెండోసారికి ఆ జరిమానా దారి లేదు. గడువులో 50 కట్టకపోయినా పాత నేరానికి శిక్ష వేయొచ్చు. 1958లో కూలివాడికి 50 పెద్ద మొత్తమే. ఇవాళ జగదాంబ నుంచి హార్బరుకు ఆటోకి సరిపోతుందో లేదో!

ఈ రెండు చివరల మధ్య మెట్టు కోసం వేరేచోట్ల వెతికారు. 2004లో హవాయిలో స్టీవెన్ ఆల్మ్ అనే జడ్జి, షరతు తప్పిన వెంటనే కొద్దిరోజుల జైలు వేసే పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత అమెరికాలోనే మరో నాలుగు చోట్ల పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇక్కడ 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షల్లో చేర్చింది. తాగి బండి నడిపినవాళ్లతో ఆర్కే బీచ్ ఊడ్పించిన వార్తలు విశాఖవాళ్లకి గుర్తుండే ఉంటాయి. కానీ 9వ సెక్షన్‌లోకి ఆ సేవ రాలేదు.

నన్నడిగితే, మధ్య మెట్టు కోసం అంత దూరం పోనక్కర్లేదు. 8వ సెక్షన్ కింద ప్రొబేషన్ ఆఫీసర్ అడిగితే కోర్టు షరతులు మార్చొచ్చు. బోటు ఒడ్డుకొచ్చిన రెండు రోజుల్లో కనపడమని రాయొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజుల్లో ఎక్కువసార్లు రమ్మనొచ్చు. అయితే మార్చమని అడగాల్సిందీ ఆ ఆఫీసరే, షరతు తప్పాడని రిపోర్టు రాసేదీ మామూలుగా ఆయనే. రెంటిలో ఏది ముందు రాయాలో చట్టం చెప్పలేదు.